హషీంపురా: కళ్లు చూడలేనిది రిజిస్టరు చెప్పింది

సాయుధ బలగాల చేతికి చిక్కిన మనిషికి ఏమైందో రాసి ఉంచాలన్న నియమం కొత్తది కాదు. 1861 పోలీసు చట్టమే ఠాణాలో డైరీ పెట్టమంది. 1949లో జెనీవా ఒప్పందాలు, 1996లో అరెస్టులపై సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పు వచ్చాయి. నియమాలు పెరిగినకొద్దీ నిర్బంధితులకు రక్షణా పెరిగిందన్నది మామూలుగా చెప్పే చరిత్ర. ఢిల్లీ పొరుగున ఇందిరాపురంలో కలిసిపోయిన మకన్‌పూర్ గ్రామం ఆ మాటను ఒప్పుకోదు.

1987 మే 22. మత ఘర్షణలతో అట్టుడుకుతున్న మీరట్‌లో సైన్యమూ, ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు బలగమైన పీఏసీ కలిసి హషీంపురా బస్తీలో సోదా చేశాయి. పట్టుకున్న ముస్లిం యువకుల్లో నలభై మందికి పైగా మనుషుల్ని పీఏసీ 41వ బెటాలియన్ ట్రక్కెక్కించారు. ఆ ట్రక్కు ఏ ఠాణాకూ వెళ్లలేదు. మురాద్‌నగర్ దగ్గర గంగ కాలువ గట్టున కొందరినీ, మకన్‌పూర్ దగ్గర హిండన్ కాలువ గట్టున మిగిలినవారినీ కాల్చి నీళ్లలో పడేశారు. బతికి బయటపడినవారు ఐదుగురు.

రాష్ట్ర నేర పరిశోధన విభాగమైన సీబీసీఐడీ నివేదిక 1994లో, అభియోగపత్రం 1996లో వచ్చాయి. 19 మంది నిందితులకు ఎన్ని వారెంట్లు వెళ్లినా 2000 దాకా ఒక్కరూ కోర్టు మెట్లెక్కలేదు. 2002లో సుప్రీంకోర్టు కేసును ఢిల్లీకి మార్చింది. 2015లో కింది కోర్టు, మిగిలిన 16 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. చీకట్లో కాల్చినవారు ఫలానావారేనని రుజువు కాలేదన్నది కారణం.

అప్పటినుంచీ చాలామంది ఈ కేసును సాక్షులు గుర్తుపట్టలేకపోయిన కేసుగానే చెబుతున్నారు. ఆ వివరణ చాలదు. బెటాలియన్ అన్నాక ఏ ట్రక్కు ఎప్పుడు కదిలింది, అందులో ఎవరు వెళ్లారు అన్నది రాసుకుంటారు. ప్రాణాలు అరచేత పట్టుకుని నీళ్లలో నక్కినవాడు ముఖాలు గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయం. ఆ జవాబు చెప్పాల్సింది ప్రభుత్వ కాగితాలు. 2018 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టు 16 మందికీ యావజ్జీవం వేసినప్పుడు నిర్ణాయకమైనది, జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యంతో అదనపు సాక్ష్యంగా చేరిన, ఆ కదలికలు రాసిన జనరల్ డైరీయే. అయితే, ఏ తూటా ఎవరు పేల్చారో డైరీ చెప్పదు. బతికినవారి వాంగ్మూలాలు, ఇతర సాక్ష్యాలు తోడైతేనే దానికి బలం. అయినా 1987 నాటి కాగితం కోర్టుకు చేరడానికి ముప్ఫై ఏళ్లు పట్టడం సాక్షుల లోపం కాదు.

అబద్ధం చెప్పని కాగితాలూ నిజాన్ని దాచగలవు. 2007లో బాధిత కుటుంబాలు లక్నోలో 615 సమాచార హక్కు దరఖాస్తులు పెడితే, నిందితుల వార్షిక సర్వీసు నివేదికల్లో ఈ హత్యల ఊసే లేదని బయటపడింది.

ఇక సైన్యం సంగతి. ఆనాటి సోదాలో జవాన్లను ఫొటో జర్నలిస్టు ప్రవీణ్ జైన్ తీసిన ఫొటోలు ఇప్పటికీ చూపిస్తున్నాయి. నిందితుల జాబితాలో మాత్రం అందరూ పీఏసీవారే. 1993 మానవ హక్కుల రక్షణ చట్టం 19వ సెక్షను ప్రకారం, కేంద్ర సాయుధ బలగాలపై ఫిర్యాదు వస్తే కమిషన్ కేంద్రాన్ని నివేదిక అడగగలదు, సిఫార్సు చేయగలదు. స్వయంగా విచారించే దారి లేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసింది, ఇంకా ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నిరోధక బిల్లు చట్టం కాలేదు. దీన్ని పురోగతి అనలేం. ఇక శిక్ష పడిన పీఏసీవారి విషయానికొస్తే, 2024 డిసెంబరులో ఆ దోషుల్లో పలువురికి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది.

పాతికేళ్లు దాటిన వార్ డైరీలు, ఆపరేషన్ల రికార్డులు పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి పంపాలని 2021 జూన్‌లో రక్షణ శాఖే విధానం ప్రకటించింది. 1987 మేలో మీరట్‌లో పనిచేసిన యూనిట్ల కాగితాలకు ఆ గడువు ఎప్పుడో దాటింది. వాటిని బయటపెట్టాలి.