చెన్నపట్టణమునకు మంచుగడ్డ వచ్చిన కథ

చలికాలమున మనము కంబళి కప్పుకొందుము. అది మనకు వెచ్చదనము నిచ్చునని చెప్పుకొందుము. ఆ మాట నిజమైనచో, అదే కంబళిని వేసవిలో మంచుగడ్డకు చుట్టినపుడు ఆ గడ్డ త్వరగా కరగిపోవలెను గదా! కాని అట్లు జరుగదు. బయట నుంచిన గడ్డకంటె కంబళిలోని గడ్డయే చాలసేపు నిలుచును. కంబళికి వేడిని పుట్టించు శక్తి లేదు. చలిని పుట్టించు శక్తియు లేదు. వేడి నడచు త్రోవకు అది అడ్డుపడును, అంతియే. మన యొడలి వేడిని బయటికి పోనీయదు. బయటి వేడిని గడ్డలోనికి రానీయదు.

ఈ చిన్న సత్యము నాధారము చేసికొని, అమెరికాలోని ఒక వర్తకుడు తన దేశపు చెఱువులలోని మంచుగడ్డలను సముద్రములు దాటించి చెన్నపట్టణమున నమ్మించెను. ఆ కథ వినదగినది.

నీరు పల్లమునకు పాఱునట్లు, వేడి తనంతట ఎక్కువ వేడిగల వస్తువునుండి తక్కువ వేడిగల వస్తువునకే పోవును. చలి యనునది వేఱొక పదార్థము గాదు. వేడి తక్కువగుటయే చలి. వేడికి మూడు త్రోవలు గలవు. పొయ్యిలో పెట్టిన ఇనుప చువ్వ రెండవ కొన చేతిని కాల్చును. ఇది వహనము. ఇనుము కఱ్ఱకంటె వందలాది రెట్లు ఎక్కువగా వేడిని మోయును. అట్లకాడకు కఱ్ఱపిడి వేయుట యందులకే. కాగుచున్న ఎసటిలో అడుగునీరు పైకి లేచును, పైనీరు క్రిందికి దిగును. ఇది సంవహనము. సూర్యుని వేడి నడుమ ఏ వస్తువును లేకయే మనకు చేరును. ఇది వికిరణము.

మన దేశమున మంచుగడ్డ చేయు విద్య పూర్వమే కలదు. ఉత్తర హిందూస్థానమున చలికాలపు రాత్రులయందు గుంటలలో చెఱకు చొప్ప పఱచి, దానిపై లోతులేని మట్టి మూకుళ్లలో నీరు పోసి యుంచెడివారు. తెల్లవాఱక ముందే ఆ నీరు గడ్డకట్టెడిది. రాబర్టు బార్కరు అను ఆంగ్లేయుడు దీనిని గూర్చి 1775లో లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో వ్రాసెను. క్రింది చొప్ప భూమి వేడిని పైకి రానీయదు. నీటిలోని వేడి నిర్మలాకాశమునకు వికిరణముచే పోవును. మూకుటి చెమ్మ ఆఱుచు మఱికొంత వేడిని గొనిపోవును. కాని మన సముద్రతీరపు రాత్రులు అంత చల్లనివి గావు, గాలియు చెమ్మగలది. కావున ఆ విద్య చెన్నపట్టణమున అక్కఱకు రాలేదు.

ఇక స్కాట్లండునకు పోదము. గ్లాస్గో విశ్వవిద్యాలయమున జోసెఫ్ బ్లాకు అను ఆచార్యుడు 1761 ప్రాంతమున ఒక గదిలో రెండు గాజుబుడ్లను వ్రేలాడగట్టెను. ఒకదానిలో మంచువలె చల్లనైన నీరు, రెండవదానిలో అంతే తూకముగల మంచుగడ్డ. నీరు ఒక నిర్ణీతమైన వేడికి చేరుటకు అరగంట పట్టెను. మంచుగడ్డ కరగి అదే వేడికి చేరుటకు పది గంటలన్నర పట్టెను! గడ్డ కరగుటకే అంత వేడి వ్యయమగుచున్నదనియు, ఆ వేడి ఉష్ణమాపకమునకు కనబడదనియు ఆయన గ్రహించి, దానికి గుప్తోష్ణమని పేరిడెను. ఒక సేరు మంచుగడ్డను కరగించు వేడి, ఒక సేరు చల్లని నీటిని 80 డిగ్రీల వఱకు కాచుటకు చాలును. మంచుగడ్డ ఓడలో నిలుచుటకు మొదటి కారణ మిదియే.

అమెరికాలో బోస్టను నగరవాసియైన ఫ్రెడరిక్ ట్యూడరు 1806లో మార్టినిక్ ద్వీపమునకు మొదటి మంచుగడ్డల ఓడను నడపెను. ఊరివారు నవ్విరి. గడ్డ ద్వీపమునకు చేరెను గాని, అక్కడ దానిని దాచు కొట్టు లేదు, అమ్మకము నష్టమాయెను. అప్పులవారు ట్యూడరును చెఱసాలకు సైతము పంపిరి. అయినను ఆయన విడువలేదు. గడ్డి, ఱంపపు పొట్టు మొదలగువానిని పరీక్షించి, రెండు గోడల నడుమ ఉష్ణనిరోధకములు నింపిన కొట్లు కట్టించెను. కోతమిల్లులు పాఱవైచు పొట్టు ఆయనకు బంగారమాయెను. పొట్టు రేణువుల నడుమ గాలి చిక్కుకొని కదలలేక నిలిచియుండును. కదలని గాలి వేడిని మిక్కిలి స్వల్పముగా మోయును. నథానియేలు వైయెతు అను నాతడు గుఱ్ఱములు లాగు కోతనాగలిని కల్పించుటతో గడ్డలన్నియు ఒకే కొలతకు వచ్చెను. వానిని సందు లేకుండ పేర్చిన యెడల రాశియంతయు ఒకే పెద్ద గడ్డవలె నుండును. అడుగు కొలతగల ఘనపు గడ్డ ఒకటికి ఆఱు చదరపు అడుగుల పైభాగము గలదు. అట్టివి వేయి పేర్చి పది అడుగుల రాశి చేసిన యెడల, పైభాగము ఆఱువందల చదరపు అడుగులే. ఒక్కొక్క గడ్డకు వేడి సోకు చోటు పదియవ వంతునకు తగ్గినది.

1833 మే మాసమున టస్కనీ అను ఓడ 180 టన్నుల మంచుగడ్డతో బోస్టను విడిచి, భూమధ్యరేఖను రెండు మారులు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరెను. సుమారు 100 టన్నులు కరగక మిగిలెను. పిమ్మట 1842 ప్రాంతమున చెన్నపట్టణపు సముద్రతీరమున గుండ్రని మంచుకొట్టు లేచెను. అప్పుడు మన కోస్తాజిల్లాలును రాయలసీమయు ఆ మద్రాసు రాజధానిలోనివే. ఆ మంచు దొరల పానీయములకును ధనికుల విందులకును పోయినది. పల్లెకు చేరు వస్తువు గాదు.

1870 దశాబ్దమున మద్రాసు, కలకత్తాలలోనే యంత్రములతో మంచుగడ్డలు చేయు కంపెనీలు వెలసెను. ట్యూడరు వేడి రాకుండ అడ్డగించెను. యంత్రము నీటిలోని వేడినే బయటికి తోడివేసెను. ఓడల వ్యాపారము అడుగంటెను. నాటి మంచుకొట్టులో 1897లో స్వామి వివేకానందులు బస చేసిరి. వారి పేరిటనే ఆ భవనము నేటికిని చెన్నైలో నిలిచియున్నది.

పల్లెవారికి మంచుగడ్డ రాకున్నను కుండ కలదు. మట్టికుండ చెమర్చి ఆఱునపుడు, ఆవిరియగు నీరు తన తూకపు మంచుగడ్డ కరగుటకు వలయు వేడికి ఇంచుమించు ఏడు రెట్లు గొనిపోవును. ఊకలోను, రెల్లులోను, తాటాకులోను చిక్కిన గాలి ట్యూడరు పొట్టులోని గాలియే. మన పెద్దలు ఈ శాస్త్రము చదువలేదు, అనుభవముచే నెఱిగిరి. కాని నేడు తాటాకు తీసి రేకులు వేయు ఇండ్లు పెక్కు. రేకు ఎండవేడిని క్షణములో క్రిందికి దింపును. వడగాడ్పుల దినములలో అట్టి యింట నుండు శిశువులకును వృద్ధులకును అది ప్రాణసంకటము. రేకులు వేయవలసి వచ్చినచో వానిపై గడ్డి కప్పుడు, లేదా క్రింద చాపల దడి కట్టి నడుమ గాలికి చోటు విడువుడు. మంచుగడ్డను నాలుగు నెలలు సముద్రముపై కాపాడిన ఉపాయము మన పసిబిడ్డలను మూడు నెలల వేసవిలో కాపాడుటకు ఏల పనికిరాదు?