బాబర్ ఫిరంగులు – మందుగది

హిజ్రీ 933 ముహర్రం మాసంలో, అనగా 1526 అక్టోబరులో, ఉస్తాద్ అలీ కులీ ఆగ్రాలో ఒక పెద్ద ఫిరంగిని పోతపోయించాడు. మూస చుట్టూ ఎనిమిది కొలుములు పెట్టారు. మూస నిండకముందే లోహం రావడం ఆగిపోయింది. అవమానంతో ఉస్తాద్ ఆ మరిగే లోహంలోనే దూకబోయాడనీ, తాను ఓదార్చి ఖిల్లతు తొడిగించాననీ బాబర్ స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. ఒకటి రెండు రోజులకు మూస విప్పగా రాయి నిలిచే భాగం నిర్దోషంగా ఉంది. మందుగదిని విడిగా చేయడం తేలికేనని ఉస్తాద్ సంతోషంతో కబురంపాడు.

తేలిక అన్నాడు గాని, గండమంతా అక్కడే! మందు అంటుకున్న క్షణాన రాయి ఇంకా కదలదు. వాయువుల ఒత్తిడి మందుగది గోడలమీదే పడుతుంది. అందుకే ఆ కాలపు పెద్ద ఫిరంగులలో ఆ గదిని ఇరుకుగా, దళసరిగా చేసి, రాయి దాని అంచు దాటి లోపలికి దిగకుండా చూసేవారు. నేటి పిస్తోలు తూటాలోనూ గుండును మితిమీరి లోపలికి దింపితే మందుకు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది.

1527లో పరీక్షించినప్పుడు రాయి 1600 అంగలు పోయింది. రాణా సంగాతో యుద్ధంలో పనిచేసి ‘ఘాజీ’ అనిపించుకున్న ఫిరంగి 1528లో గంగ ఒడ్డున మొదటిరోజు 8 సార్లు, మరునాడు 16 సార్లు పేలింది. దానికన్నా పెద్దది మాత్రం తొలి దెబ్బకే పగిలింది. హిజ్రీ 935లో మరొక పెద్ద ఫిరంగిని పేల్చారు. రాయి చాలా దూరం పోయింది. ఫిరంగి మాత్రం ముక్కలైంది. ఆ ముక్కలు తగిలి పడినవారిలో ఎనిమిదిమంది మరణించారు.