ఎండను ఆపే గోడలు: ప్రకృతిని చూసి నేర్చిన కట్టడం

ఇంటి ముందువైపు రూపాన్ని మేస్త్రీలు ఎలివేషన్ అంటారు. మొక్కలు, ప్రాణులు ఎండను తట్టుకునే తీరును గమనించి బయటి గోడలను రూపొందించడాన్ని ప్రకృతి ప్రేరిత నిర్మాణం అంటారు. గోడ మీద ఆకు బొమ్మ వేస్తే అది అలంకారం. ఆకు ఇచ్చే నీడను గోడ కూడా ఇస్తేనే ఈ పేరు తగును.

ప్రసిద్ధ ఉదాహరణ

జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో ప్రారంభమైన ఈస్ట్‌గేట్ సెంటర్. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్, ఇంజినీరింగ్ అరప్ సంస్థది. దుకాణాలు, ఆఫీసులు ఉన్న ఈ పెద్ద భవనంలో మామూలు ఏసీ వ్యవస్థ లేదు.

పనిచేసే తీరు

జెముడు మొక్క గట్లు, ముళ్లు దాని ఒంటికే నీడనిస్తాయి. అలాగే ఈ భవనం గోడలు నున్నగా ఉండవు. కాంక్రీటు భాగాలు ముందుకు పొడుచుకొని వచ్చి పగలు నీడనిస్తాయి, రాత్రి వేడిని త్వరగా వదిలేస్తాయి. రాత్రిపూట ఫ్యాన్లు చల్లగాలిని లోపలికి పంపి బరువైన స్లాబులను చల్లబరుస్తాయి. పగలు ఆ చల్లదనమే గదులకు అందుతుంది. వేడిగాలి పైనున్న గొట్టాల గుండా పోతుంది.

గాలి ప్రసరణకు పియర్స్ చెదపుట్టను ఆదర్శంగా తీసుకున్నారు. పుట్ట ముఖ్యంగా చల్లదనానికి కాక, ఊపిరితిత్తుల్లా గాలి మార్పిడికి ఉపయోగపడుతుందని తర్వాతి పరిశోధకులు చెప్పారు. అయినా భవనం చల్లగానే పనిచేస్తోంది.

మన ఊళ్లకు ఎంతవరకు?

హరారే సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రులు చల్లబడతాయి. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో రాత్రి గాలి కొంత ఉపయోగపడుతుంది. చెన్నై, యానాం, బరంపురం వంటి చోట్ల వేసవి రాత్రులు ఉక్కపోతే కనుక ఆ పద్ధతికి ఫలితం తక్కువ. నీడ మాత్రం అన్ని ఊళ్లలోనూ పనిచేస్తుంది.

మన పాత ఇళ్లలో వసారా, వాలు చూరు చేసిన పని ఇదే. ఇప్పుడు వాటిని విప్పి అద్దాల ఎలివేషన్ పెడుతున్నాం. మధ్యాహ్నం ఆ గదుల్లో ఉండేది ఇంటి పెద్దవాళ్లే. ప్లాను ఒప్పుకునే ముందు ఇంజినీరును ఈ మూడూ అడుగుదాం:

1. పడమటి గోడకు నీడ ఎలా వస్తుంది? సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక కిటికీ పైన సన్‌షేడ్ ఒక్కటే చాలదు. నిలువు పలకలో, జాలీనో, చెట్టో కావాలి.
2. పడమట అద్దం తగ్గించవచ్చా?
3. వేడిగాలి పోవడానికి పైన దారి ఉందా?