కంభం చెరువు కట్ట మీద నడిస్తే తెలిసేది

డబ్లిన్‌లో ఆన్‌సైట్ చేసొచ్చిన మనవాళ్ళని ఎవర్ని కదిపినా గ్లెండలాక్ ఫొటోలు చూపిస్తారు. విక్లో కొండల మధ్య ఓ పల్లెటూరి లోయ, రెండు చెరువులు (ఐరిష్ భాషలో ఆ పేరుకి అర్థమే రెండు చెరువుల లోయ), 6వ శతాబ్దంలో కెవిన్ అనే సన్యాసి పెట్టిన మఠం తాలూకు శిథిలాలు, 30 మీటర్ల ఎత్తున్న రాతి గోపురం. అక్కడికెళ్ళి చేసే పని ఒక్కటే, నడవటం. దానికోసం విమానమెక్కి వచ్చేవాళ్ళున్నారు.

ఐర్లండు సంగతి అలా ఉంచండి. అంతకంటే పెద్ద చెరువు, అంతకంటే పెద్ద కథ ఉన్న లోయ మన ఒకప్పటి పశ్చిమ ప్రకాశంలోనే ఉంది. మార్కాపురం అంటే మనకి పలకలు గుర్తొస్తాయి. గిద్దలూరు అంటే రైల్లో అర్ధరాత్రి దాటిపోయే స్టేషను. ఈ రెండిటి మధ్యలో కంభం. పడమటి పక్క నల్లమల, తూర్పు పక్క వెలిగొండలు. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ ఈ లోయలోకి దిగి, కొండల సందులోంచి బయటపడి, చివరికి ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ సందుని మూసేస్తే వచ్చిందే కంభం చెరువు. జంపలేరు నీళ్ళూ ఇందులోకే వస్తాయి.

లెక్కలు చెప్పుకుందాం. పొడవు సుమారు 7 కిలోమీటర్లు, సగటు వెడల్పు మూడున్నర. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంపీరియల్ గెజెటీర్ ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, చెరువులోకి నీళ్ళు పారే ప్రాంతం 430 చదరపు మైళ్ళు, నేరుగా తడిసే పొలం 10,300 ఎకరాలు. రెండు వైపులా కొండలే గోడలు కాబట్టి మనుషులు కట్టాల్సింది మధ్యలో ఉన్న చిన్న ముక్కే. ఇంత చిన్న కట్టతో ఇంత నీళ్ళు ఆపొచ్చని ఆ చోటు చూసి పసిగట్టినవాడెవడో గానీ, వాడికో దండం పెట్టాలి.

ఎవరు కట్టించారు? శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడి జనం చెప్పుకుంటారు. రాయలకి దూరమై కంభంలో ఉండిపోయిన రాణి తన సొమ్ముతో చెరువు తవ్వించిందని కథ. చాలాచోట్ల ఇదే కథ రాసి, పక్కనే "15వ శతాబ్దం" అని కూడా రాసేస్తుంటారు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. ఆయన గజపతుల మీద దండెత్తిందీ ఆ మధ్యలోనే. కాబట్టి కథ నిజమైతే చెరువు 16వ శతాబ్దానిది, చెరువు 15వ శతాబ్దానిదైతే రాణి కథ కుదరదు. రెండూ ఒకే వాక్యంలో పెట్టడం మాత్రం కుదరదు :)

కంభం గురించి కథలున్నాయి. పక్క చెరువు గురించి ఏకంగా డాక్యుమెంటేషనే ఉంది. గిద్దలూరు నుంచి దక్షిణంగా కడప జిల్లాలోకి దాటితే పోరుమామిళ్ళ. అక్కడి చెరువుని 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించి సంస్కృతంలో ఓ శాసనం వేయించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. అసలు విశేషం అది కాదు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు వరసగా చెక్కించాడు. మనం రిక్వైర్‌మెంట్స్ రాసుకున్నట్టే.

అంగాల్లో మొదటిది ధర్మం, డబ్బు ఉన్న రాజు. తరవాత నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, మంచినీళ్ళ నది, చెరువుకి ఆనుకున్న కొండ, ఆ కొండల మధ్య మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట, దగ్గర్లో రాతి గని, ఇలా సాగి చివర్న పని తెలిసిన మనుషులు. దోషాల్లో కట్టలోంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువవడం, నీళ్ళు ఎక్కువై చోటు తక్కువవడం ఉన్నాయి. ఇంకొకటుంది, చూడండి: రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఆ లిస్టు పట్టుకుని కంభం వచ్చి చూస్తే కొండ, కట్ట, నది, రాయి అన్నిటికీ టిక్కులు పడతాయి. ఇబ్బందల్లా ఆ సరిహద్దు దోషంతోనే. కంభం, మార్కాపురం 1800లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చిన సీడెడ్ జిల్లాల్లోవి. మొదట కడప జిల్లాలో ఉన్నాయి, 1858లో కర్నూలుకి మారాయి, 1970లో ఒంగోలు జిల్లాలో కలిశాయి (1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది). ఆ జిల్లాల్లో దేంట్లో ఉన్నప్పుడైనా ఈ లోయ అంచునే ఉండేది, హెడ్‌క్వార్టర్సు వంద కిలోమీటర్ల పైమాటే ఉండేది. అంచున ఉన్నవాళ్ళ అర్జీ ఎప్పుడూ ఫైల్లో అడుగునే ఉంటుంది కదా.

ఇక అసలు ప్రశ్న. ఇన్ని వందల ఏళ్ళు ఈ కట్ట ఎలా నిలిచింది? రాయి గట్టిది కాబట్టి అంటే సరిపోదు. చెరువుకి ఏటా పని ఉంటుంది. తూములు చూడాలి, కట్ట మీద మొలిచిన చెట్లు కొట్టాలి, కోత పడ్డచోట మట్టి నింపాలి. ఈ సీమలో దానికి దశబంధం అనే ఏర్పాటుండేది. చెరువు కట్టించినవాడికీ, దాన్ని బాగుచేస్తూ ఉండేవాడికీ ఆయకట్టులో ఓ వాటా ఇనాంగా ఇచ్చేవాళ్ళు, పేరు చెప్పినట్టే పదో వంతు లెక్కన. చెరువు పాడైతే వాడి వాటా కూడా ఎండిపోతుంది. అంటే మెయింటెనెన్స్ చేసేవాడికి ప్రొడక్ట్‌లో షేర్ ఉందన్నమాట. మన కంపెనీల్లో సపోర్ట్ టీముకి దక్కని భాగ్యం ఇది.

ఆ తరవాత ఇంగ్లీషువాళ్ళ కాలంలో పెద్ద చెరువులు సర్కారు ఇంజినీర్ల కిందకి పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1956 చట్టంతో ఇనాములే రద్దయ్యాయి. రద్దు చెయ్యడానికి కారణాలు మంచివే, ఇనాముల్లో అన్యాయాలూ ఉండేవి. కానీ వాటితోపాటు చెరువు పనికి కట్టుబడిన మనిషి కూడా పోయాడు. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చింది ఆ ఖాళీ పూడ్చడానికే. కాయితం మీద అది మంచి ఆలోచన. దశబంధంలో ఉన్న వాటా మాత్రం అందులో లేదు.

ఇదే గుండ్లకమ్మ మీద కిందికెళ్తే మల్లవరం దగ్గర 2000ల్లో పూర్తయిన రిజర్వాయరుంది. 2022లో దాని గేటొకటి, 2023లో ఇంకొకటి కొట్టుకుపోయాయి. టెక్నాలజీ విషయంలో రాయల కాలానికీ దానికీ పోలికే లేదు. తేడా వచ్చింది ఆలనాపాలనా దగ్గరే.

పైన వెలిగొండ సంగతీ ఇలాంటిదే. కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు సందుల్ని మూసి నల్లమలసాగర్ కట్టారు. కంభంలో ఒక సందుతో చేసిన పనే ఇక్కడ మూడిటితో చేశారు. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు తేవడానికి దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాలు రెండు తవ్వారు. 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో సొరంగాల ప్రారంభోత్సవం. అప్పటికీ పునరావాసం, కాలువల పనులు మిగిలే ఉన్నాయి. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన ఊళ్ళున్న ప్రాంతమిది, ఆలస్యాన్ని ఏళ్ళతో కాదు తరాలతో లెక్కపెట్టుకోవాలి.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ కంభం చెరువుని, పోరుమామిళ్ళ చెరువుని, కేసీ కెనాల్‌ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తించింది. సంతోషమే. కానీ వారసత్వం అనగానే మనవాళ్ళకి బోటింగు, సిమెంటు నెమళ్ళు, సెల్ఫీ పాయింటు గుర్తొస్తాయేమోనని నా భయం. నన్నడిగితే అక్కడ కావలసింది నడవటానికి ఓ బాట, తూముల దగ్గర తెలుగులో నాలుగు బోర్డులు, కట్ట మీద కంపచెట్లు కొట్టే మనిషికి నెలనెలా జీతం. గ్లెండలాక్‌లో ఉన్నదీ ఇంచుమించు ఇదే.

వెళ్ళాలనుకుంటే వానలయ్యాక, అక్టోబరు నుంచి జనవరి లోపు వెళ్ళండి. మే నెలలో వద్దు, ఎండకి తట్టుకోలేరు. బెంగుళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఈ దారినే పోతుంది, కంభంలోనే స్టేషనుంది. ముందు కట్ట మీద నడవండి, తూముల దగ్గర ఆగండి, తరవాత కాలువ వెంబడి పొలాల్లోకి దిగండి. నల్లమల లోపలికి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి, అది పులుల అడవి. మిగిలిన టైములో మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి చూసి, రెండు పలకలు కొనుక్కోండి.

ఒక్క మాట. కట్ట మీద ఎవరైనా పెద్దాయన కనిపిస్తే "ఈ చెరువు కట్టిందెవరు తాతా" అని అడక్కండి, ఆ కథ మీకు ఇప్పటికే తెలుసు. "ఈ ఏడు తూము బాగుచేసిందెవరు" అని అడగండి. ఈ చెరువు ఇంకో ఐదొందల ఏళ్ళు ఉంటుందా లేదా అన్నది ఆయన చెప్పే జవాబు మీద ఆధారపడి ఉంది.