షోళవరం రన్‌వే నేర్పిన పని

నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే జీఎన్‌టీ రోడ్డులో, రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే షోళవరం వస్తుంది. మద్రాసు వాళ్లకి ఆ పేరు చెబితే మంచినీళ్ల చెరువు గుర్తొస్తుంది. మా మెకానిక్కులకు గుర్తొచ్చేది రన్‌వే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన పట్టీ అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడే పందేలు పెట్టేది. 1980ల చివరిదాకా కార్లు, మోటార్ సైకిళ్లు అక్కడే తేల్చుకున్నాయి. కార్ల పందేల గురించి, వాటిని నడిపిన పెద్దింటి వాళ్ల గురించి రాసినవాళ్లున్నారు. నేను చెప్పేది చిన్న బండ్ల సంగతి, వాటి వెనక మసి చేతులతో నిలబడ్డ వాళ్ల సంగతి.

నేను నెల్లూరులో లేతు పని నేర్చుకుని, 80ల మొదట్లో మద్రాసు పుదుప్పేటలో ఒక మేస్త్రి దగ్గర చేరాను. పాత బండ్లు విప్పి సామాను అమ్మే వీధులవి. మేస్త్రి పగలు ఊరి బండ్లు బాగుచేసేవాడు. రాత్రి షెడ్డు తలుపు సగం దించి పందెం బండి మీద కూర్చునేవాడు. దిగుమతి సామాను మాకు అందేది కాదు. ఉన్నదాన్నే అరగదీసి, చెక్కి, అతికి వేగం రాబట్టాలి.

ఉన్న బండ్లు కూడా కొన్నే. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి జావా 250 కట్టేది. 70ల్లో ఆ బండే యెజ్డీ అయింది. ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ 175కి మూలం పోలండు బండి. ఇవన్నీ సంసారపక్షం బండ్లు, పాలక్యాను కట్టుకుని పొలం గట్టు మీద పోవడానికి పనికొచ్చేవి. జావాలో బోరు 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు 75. నిమిషానికి 6,000 చుట్లు తిప్పితే పిస్టన్ సగటున సెకనుకు 15 మీటర్ల వేగంతో పైకీ కిందకీ కొట్టుకుంటుంది. అంతకు మించి తిప్పితే ఆ ఇనుము ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో చెప్పలేం. 1985లో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. అందులో బోరూ 50, స్ట్రోకూ 50. అదే 15 మీటర్ల వేగానికి ఈ పిస్టన్ రావాలంటే ఇంజిన్ 9,000 చుట్లు తిరగాలి. చిన్న ఇంజిన్‌కున్న బలమంతా ఈ లెక్కలోనే ఉంది: పేలుడు చిన్నదైనా నిమిషంలో ఎక్కువసార్లు పేలుతుంది.

మధ్యలో 1983లో రాజ్‌దూత్ 350 దిగింది. జపానులో 39 హార్స్‌పవర్ ఇచ్చిన ఆర్‌డీ 350ని ఇక్కడ మైలేజీ కోసం 30.5కి తగ్గించి అమ్మారు. తర్వాత ఇంకా తగ్గించి 27 దాకా తెచ్చారు. ఫ్యాక్టరీ బిగించిన గొంతుని తిరిగి తెరవడమే మా పనిలో సగం అయింది.

ఈ బండ్లన్నిటిదీ టూ స్ట్రోక్ ఇంజిన్, దానికి క్యామ్ షాఫ్టు, అది తెరిచే వాల్వులు ఉండవు. సిలిండర్ గోడలో కిటికీల్లాగా పోర్టులుంటాయి, వాటిని మూసేదీ తెరిచేదీ పిస్టనే. ఎగ్జాస్టు పోర్టు పైఅంచుని మిల్లీమీటరు పైకి జరిపితే ఇంజిన్ స్వభావమే మారిపోతుంది. పోర్టు ముందే తెరుచుకుంటుంది, పైచుట్లలో పవరు పుడుతుంది. బదులుగా కిందిచుట్లలో పవరు పోతుంది. పోయినదాన్ని వెనక్కి తేవడానికి ఆకురాయితో కుదరదు, కొత్త సిలిండర్ కొనాల్సిందే. అందుకే మేస్త్రి గీయకముందు కొలిచేవాడు. పిల్లల జామెట్రీ బాక్సులోంచి రెండు కోణమానినులు తీసి, వీపులు కలిపి అతికించి, క్రాంకు చివర బిగించేవాడు. పోర్టు ఏ డిగ్రీలో తెరుచుకుందో, ఏ డిగ్రీలో మూసుకుందో సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు.

పోర్టు ఒక్కటే మారిస్తే చాలదు, దానికి తగ్గ సైలెన్సర్ కావాలి. ఆ విద్య తూర్పు జర్మనీలో, చోపావ్ ఊళ్లో ఎంజెడ్ ఫ్యాక్టరీలో ముదిరింది. వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఎగ్జాస్టు గొట్టాన్ని ముందు వెడల్పు చేసి, మళ్లీ సన్నం చేశాడు. సిలిండర్‌లోంచి వెళ్లిన పీడన తరంగం ఆ సన్నబడే శంకువుకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు, బయటికి జారిపోబోతున్న కొత్త పెట్రోలు గాలిని తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజిన్ 25 హార్స్‌పవర్ దాకా ఇచ్చింది, అంటే లీటరుకు 200. ఆ ఏడాదే ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం నుంచి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు, 1962లో, సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది. విద్య అలా జపాను చేరింది.

మా దాకా అది లెక్క రూపంలో వచ్చింది. గోర్డన్ జెన్నింగ్స్ 1973లో వేసిన టూ స్ట్రోక్ పుస్తకం జిరాక్సు కాపీలుగా చేతులు మారేది. ఎగ్జాస్టు పోర్టు తెరిచి ఉండే డిగ్రీలని 1,700తో గుణించి, కావలసిన చుట్లతో భాగిస్తే గొట్టం పొడవు అంగుళాల్లో వస్తుంది. 190 డిగ్రీలు, 9,500 చుట్లు అనుకోండి, 34 అంగుళాలు. పిస్టన్ ముఖం నుంచి వెనక శంకువు సగం దాకా కొలవాలి. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. ఈ ఒక్క లెక్క మాత్రం సిగరెట్టు పెట్టె మీద వేసేసేవాడు. రేకు కత్తిరించి, శంకువులు చుట్టి, గ్యాసుతో అతికించడం నా వంతు.

తర్వాత సిలిండర్ హెడ్డు. కంప్రెషన్ పెంచడానికి హెడ్డు అడుగుని లేతు మీద చెక్కుతాం. ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డర్ తీగ దూర్చి, కిక్కు మెల్లగా తిప్పి, నలిగిన తీగ మందం వెర్నియర్‌తో చూస్తాం. 0.8 మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటే నాకు నమ్మకం. ఇంకా దగ్గరికి తెస్తే పైచుట్లలో రాడ్డు సాగి పిస్టన్ హెడ్డుకి తగలొచ్చు. అప్పటి బంకుల్లో మామూలు పెట్రోలు 87 ఆక్టేను. ఆశ కొద్దీ కంప్రెషన్ పెంచినవాళ్ల ఇంజిన్లు ఠకఠకమని కొట్టుకునేవి, విప్పి చూస్తే పిస్టన్ నెత్తి చీమలు కొరికినట్టు ఉండేది.

అసలు పరీక్ష రన్‌వే మీదే. పవరు కొలిచే డైనో అనే మాటే మాకు తెలియదు. ఆర్ఎక్స్‌కి చుట్లు చూపే మీటరు కూడా లేదు. స్టాప్ వాచీ, ప్లగ్గు, చెవి, ఈ మూడే మా పరికరాలు. ప్రాక్టీసు పొద్దున రైడర్ పొడుగు పట్టీ మీద టాప్ గేరులో నిండా త్రాటిల్ తీసి పడుకునేవాడు. చివర్లో త్రాటిల్ వదలకుండానే క్లచ్చు పట్టి, ఒకేసారి స్విచ్చి ఆపేసి, మౌనంగా జారుకుంటూ మా ముందుకొచ్చి ఆగేవాడు. త్రాటిల్ వదిలితే ప్లగ్గు చెప్పే కబురు మారిపోతుంది. వేడి ప్లగ్గుని గుడ్డతో పట్టి విప్పి, పింగాణీ మొదట్లో, లోతుగా ఉండే చోట, భూతద్దం పెట్టి చూసేవాళ్లం. అక్కడ సన్నని గోధుమ వలయం ఉంటే కార్బురేటర్‌లో పెట్రోలు జెట్టు సరి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలక కాలుతోంది, ఇంకో రౌండు తిరిగితే పిస్టన్ పట్టేస్తుంది. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై పవరు పోతోంది. పొద్దుటి చల్లగాలికి సరిపోయిన జెట్టు మధ్యాహ్నం ఎండకి పెద్దదవుతుంది. వేడిగాలి పలచన, పెట్రోలు తగ్గించాలి. అందుకని జెట్లు అగ్గిపెట్టెల్లో వరసగా పెట్టుకుని కూర్చునేవాళ్లం.

ఒక విడతలో ఒకటే మార్చాలన్నది మేస్త్రి నియమం. జెట్టు మారిస్తే స్ప్రాకెట్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. “ఒరే, రెండూ ఒకేసారి మారిస్తే బండి దేనివల్ల పరిగెత్తిందో ఎవుర్ని అడుగుతావ్?” అనేవాడు.

నూనె విషయంలో ఆముదం వాళ్లు, ఆముదం వద్దనేవాళ్లు అని రెండు పక్షాలు. ఆముదం కలిపిన నూనె మహా వేడిలో కూడా పొర విడవదు, పిస్టన్‌ని కాపాడుతుంది. కానీ పెట్రోలులో సరిగా కలవదు, నిలవుంటే విడిపోతుంది, రింగులకి జిగురు పట్టిస్తుంది. మాది ఆముదం పక్షమే. పందెం అయిన మర్నాడే సిలిండర్ విప్పి రింగులు గీకడం నాకు రోతగా ఉండేది, అయినా ఆ పొగ వాసన వస్తే పందెం వచ్చినట్టే.

ఇన్నేళ్ల తర్వాత వెనక్కి చూస్తే నాకు తోచేది ఒకటే: మా ఇంజిన్లను మలిచింది మేం కాదు, ఆ రన్‌వే. విమానం ఎగరడానికి వేసిన పట్టీ కాబట్టి పొడుగు ఎక్కువ, మలుపులు తక్కువ. కిందిచుట్లలో పవరు లేకపోయినా నష్టం లేదు, పట్టీ పొడవునా బండి ఊపు అందుకునేది. అందుకే పోర్టులు పైకి ఎక్కించాం, గొట్టాలు కురచ చేశాం. అదే ట్యూనింగ్ అనుకున్నాం.

1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేల కోసమే కట్టిన ట్రాక్ తెరిచారు. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. షోళవరంలో దూసుకుపోయిన ఇంజిన్లు అక్కడ మలుపు బయట ఊపిరాడక గొణిగాయి. మలుపులోంచి బయటపడేటప్పుడు పవరు కావాలి, మా పవరంతా పైఅంతస్తులో కూర్చుంది. పోర్టులు తక్కువ చెక్కి, గొట్టం పొడుగు పెంచి, వెనక స్ప్రాకెట్‌కి పళ్లు ఎక్కువ పెట్టడం నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. మిగతావాళ్లు, షోళవరంలో పేరున్నవాళ్లు కూడా, మెల్లగా ఊరి బండ్లకే పరిమితమయ్యారు.

ఇప్పుడు కుర్రాళ్లు పాత ఆర్ఎక్స్‌లు తెచ్చి ట్రాక్ మీద తిప్పేలా చెయ్యమంటున్నారు. డైనో కాగితం చూపించి, “అన్నా, పీకు ఎంతొచ్చింది?” అని అడుగుతారు. నేను గీత ఎంత ఎత్తుకెళ్లిందో చూడను, ఎంత వెడల్పున నిలబడిందో చూస్తాను. కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకి తీసుకెళ్తానంటే ఒక గొట్టం, ఇరుంగాట్టుకోట్టైకి అంటే ఇంకోటి. ఏ ట్రాక్‌కో చెప్పకపోతే బండి తీసుకోను. ఆ సంగతి తేలాకే ఆకురాయి చేతపడతాను.