విమానపు పొగ: హైదరాబాదు బెలూన్ చెప్పిన సాక్ష్యం

ఏలూరులోను, కొల్లేటి లంకలలోను జెట్ విమానం వెనుక సాగే తెల్లని చారను చూచి, అది మనపై చల్లుతున్న మందేమోనని భయపడేవారు ఉన్నారు. ఆ చారలో కంటికి కనిపించేవి మంచు స్ఫటికాలు మాత్రమే. ఇంజను వదిలిన నీటి ఆవిరి, పది కిలోమీటర్ల ఎత్తున ఉండే తీవ్రమైన చలికి మసి రేణువులపై గడ్డకట్టగా అవి ఏర్పడతాయి. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడులు, గంధక వాయువులు కూడ ఆ పొగలో ఉన్నాయి. వాటి ప్రభావాన్ని తేల్చే ప్రయత్నానికి అర్ధశతాబ్దపు చరిత్ర ఉన్నది.

నైట్రోజన్ ఆక్సైడులు స్ట్రాటోస్ఫియరులోని ఓజోనును హరిస్తాయని 1970లో పాల్ క్రుట్జెన్ నిరూపించాడు. ధ్వనివేగాన్ని మించిన విమానాలు ఆ ఎత్తున విరివిగా తిరిగితే ఓజోను పొర పలచబడుతుందని 1971లో హెరాల్డ్ జాన్‌స్టన్ హెచ్చరించాడు. విచిత్రమేమంటే, సాధారణ జెట్ విమానాలు ఎగిరే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున అవే వాయువులు ఓజోనును పెంచుతాయి. మోతాదును బట్టి ఔషధం గుణం మారినట్లు, ఇక్కడ ఎత్తును బట్టి ఫలితం మారుతుంది. కనుక నేలమీద కొలిస్తే చాలదు. అంత ఎత్తునే కొలవాలి. 1994లో నాసా వారి పరిశోధక విమానం న్యూజిలాండ్ సమీపాన కాంకార్డ్ వదిలిన పొగలో ప్రవేశించి ఆ పని చేసింది.

మన తెలుగునాట ఆ పని బెలూన్‌తో జరిగింది. 2010 మార్చి 17న హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుండి, మసిని కొలిచే పరికరంతో ఒక బెలూన్ పైకి లేచింది. ఎత్తు పెరిగేకొద్దీ మసి తగ్గాలి. కాని సుమారు నాలుగున్నర కిలోమీటర్ల వద్ద ఒక పొర, ఎనిమిది కిలోమీటర్లకు పైన మరొక పొర దట్టంగా కనిపించాయి. 2011 జనవరిలోను, ఏప్రిల్‌లోను జరిపిన ప్రయోగాలలోను ఇటువంటి పొరలు బయటపడ్డాయి.

ఆ మసి ఎక్కడిది? విమానాల పొగను కూడ లెక్కలోకి తీసుకొనే కంప్యూటరు నమూనాతో గోవర్ధన్, సతీష్, కృష్ణమూర్తి, సురేశ్‌బాబు ప్రభృతులు దీనిని పరీక్షించారు. ఎత్తున ఎగిరే విమానాలే అందుకు కారణం కావడానికి ఎక్కువ అవకాశమున్నదని 2017లో ప్రకటించారు. ఋతుపవనాల ఉధృతిలో ఆ మసి సుమారు పదిహేడు కిలోమీటర్ల దాకా, స్ట్రాటోస్ఫియరు అంచుకు చేరగలదని కూడ చూపారు. వైద్యభాషలో చెప్పాలంటే, బెలూన్ రోగలక్షణాన్ని పట్టింది. నమూనా రోగనిర్ణయం చేసింది. ఇది బయాప్సీ నివేదిక వంటి తిరుగులేని రుజువు కాకపోయినా, బలమైన నిర్ణయమే.

నేలకు చేరువలో ఉన్న మసిని వాన కడిగివేస్తుంది. వానమేఘాలకు పైన చేరిన మసి చాలాకాలం నిలిచి, ఎండను పీల్చి, చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. వాననీటిపై ఆధారపడిన కొల్లేటి సీమకు ఇది పట్టని విషయం కాదు. అయితే మన ఊపిరితిత్తులకు తక్షణమైన ముప్పు ఆ తెల్లని చార వల్ల రాదు. తాడేపల్లిగూడెం పరిసరాల కోతల తరువాత తగులబెట్టే వరిగడ్డి పొగ, కట్టెల పొయ్యి, డీజిలు ఇంజను వల్ల వస్తుంది. ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు, వృద్ధులు ముందుగా దూరంగా ఉండవలసినది ఆ పొగకే.