రహస్య లేఖల చరిత్ర, మా ఇంటి బీగం

మా ఊరు అదియమాన్‌కోట్టై. ధర్మపురి నుంచి సేలం పోయే దారిలో ఉంది. ధర్మపురి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి పేరే మా ఊరికి వచ్చింది. ఆయన తనకు దొరికిన అరుదైన ఉసిరికాయను తాను తినకుండా అవ్వైయార్‌కు ఇచ్చిన కథ ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం ఆమె చేసిన ఇంకో పని ఎక్కువ ఇష్టం. కంచి తొండైమాన్‌తో గొడవ వచ్చినప్పుడు అదియమాన్ ఆమెను దూతగా పంపాడని సంగకాలపు పాటల వల్ల తెలుస్తుంది. ఒక రాజు తన రాజ్యం సంగతి ఒక మనిషి నోట్లో పెట్టి పంపాలంటే ఆ మనిషి మీద ఎంత నమ్మకం ఉండాలి! తిరుక్కురళ్‌లో దూత ఎలా ఉండాలో చెప్పడానికే ఒక అధ్యాయం ఉంది.

సార్ చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు మా క్లాసులో చాలామంది యుద్ధాలు తీసుకున్నారు. నేను దూత లేకుండా రహస్యం పంపడం మనుషులు ఎప్పుడు నేర్చుకున్నారో రాస్తున్నాను. పోయిన ఏడాది మా ఇంట్లోనే ఆ పని చెయ్యాల్సి వచ్చింది.

మా అన్న బెంగళూరులో పని చేస్తాడు. ఏదో అప్లికేషన్‌కు నాయన ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఇంటి క్రయపత్రం కాపీలు కావాలన్నాడు. నేను ఒక బ్రౌజింగ్ సెంటరుకు పోయి స్కాన్ చేయించి మెయిల్ పంపి వచ్చేశాను. ఆ ఫైళ్లు ఆ కంప్యూటర్లో అట్లే ఉన్నాయి, నేను చెరపలేదు. పది రోజుల తరువాత నాయనకు ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి అన్నారు, పేరు, అకౌంటు నంబరు అన్నీ సరిగ్గా చెప్పారు. నాయన ఓటీపీ చెప్పేశాడు. 6,500 రూపాయలు పోయాయి. కాగితాలు ఆ సెంటరు నుంచే బయటికి పోయాయని నేను చెప్పలేను, రుజువు లేదు. ఓటీపీ చెప్పడం మా తప్పే. కానీ నాయన ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టమైంది.

అప్పుడు అన్న, "ఇంక బయట వద్దు పాపా, మన లాప్‌టాప్‌లోనే బీగం వేసి పంపుదాం" అన్నాడు. అది అన్న ప్లస్ టూ చదివినప్పుడు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్. ఇప్పుడు మెల్లగా నడుస్తుంది, కానీ నడుస్తుంది. (మా ఇళ్లలో తాళాన్ని బీగం అంటాం. పై ఊళ్ల వాళ్లు క్షమించాలి.)

రహస్యంగా రాయడం కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గూఢలేఖ్యం మాట ఉంది. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం, అంటే మాటలను ఇతరులకు అర్థం కాకుండా మార్చడం, ఒక కళ. రోమ్‌లో జూలియస్ సీజర్ ప్రతి అక్షరాన్ని మూడు స్థానాలు జరిపి రాసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా యంత్రం కోటానుకోట్ల రకాలుగా అక్షరాలను కలిపేసేది. వీటన్నిటికీ ఒకటే జబ్బు. బీగం వేసే చెవి, తీసే చెవి ఒకటే. ఎనిగ్మాను ఏ రోజు ఎలా తిప్పాలో రాసిన కాగితాలను ముందుగా ప్రతి ఓడకూ, ప్రతి దళానికీ చేర్చాలి. ఆ కాగితం శత్రువుకు దొరికితే అంతే. అంటే రహస్యం పంపడానికి ముందు ఇంకో రహస్యం పంపాలి. మళ్లీ దూతే కావాలి!

1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఒక వ్యాసం రాసి ఈ ముడి విప్పారు. రాల్ఫ్ మెర్కిల్ అనే విద్యార్థి అంతకుముందే విడిగా ఇలాంటి ఆలోచనే చేశాడు. చెవులు రెండు ఉండాలి, ఒకటి వెయ్యడానికి, ఇంకొకటి తియ్యడానికి అని డిఫీ, హెల్‌మన్ చెప్పారు. వేసేదాన్ని ఊరందరికీ పంచవచ్చు. తీసేది మాత్రం ఇంట్లోనే ఉంటుంది. వేసేదాన్ని పబ్లిక్ కీ అనీ, తీసేదాన్ని ప్రైవేట్ కీ అనీ అంటారు. 1977లో రాన్ రివెస్ట్, ఆది షమీర్, లెనార్డ్ ఏడల్‌మన్ దాన్ని లెక్కగా చేసి చూపించారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే ఆర్‌ఎస్‌ఏ.

ఈ లెక్క మనమూ చెయ్యవచ్చు. 3, 11 అనే ప్రధాన సంఖ్యలు తీసుకోండి. గుణిస్తే 33. నేను అందరికీ 33, 3 అనే రెండు సంఖ్యలు చెబుతాను. 7 మాత్రం దాచుకుంటాను. మీరు నాకు 4 అని రహస్యంగా చెప్పాలి. 4ను మూడుసార్లు వేసి గుణిస్తే 64, దాన్ని 33తో భాగిస్తే శేషం 31. ఆ 31ని నాకు పంపండి, దారిలో ఎవరు చూసినా పరవాలేదు. నేను 31ని ఏడుసార్లు వేసి గుణిస్తాను, 2,751 కోట్లు దాటుతుంది. 33తో భాగిస్తే శేషం 4! నేను ఇది నోటుబుక్కులో మూడుసార్లు చేసి చూశాను, మొదటిసారి తప్పు వచ్చింది.

33ను విడగొట్టి నా 7ను ఎవరైనా కనిపెట్టేస్తారు. మరి 8633ను? నా పక్కన కూర్చునే స్నేహితురాలికి ఇచ్చాను, ఒక పీరియడ్ పట్టింది (89, 97). ఆర్‌ఎస్‌ఏ వాళ్లు 129 అంకెల సంఖ్య ఇచ్చి 1977లో 100 డాలర్ల పందెం పెట్టారు. సుమారు 600 మంది ఇంటర్నెట్‌లో కలిసి 1994లో దాన్ని విడగొట్టారు, అంటే 17 ఏళ్లకు. మా లాప్‌టాప్‌లో ఇప్పుడున్న సంఖ్యకు 900 అంకెలు దాటుతాయి.

ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి ఉంది. ఇంగ్లండ్ ప్రభుత్వ రహస్య సంస్థలో పనిచేసిన జేమ్స్ ఎల్లిస్ ఇదే ఆలోచనను 1970లోనే రాశాడు. అక్కడే క్లిఫర్డ్ కాక్స్ 1973లో ఆర్‌ఎస్‌ఏ లాంటి లెక్కే కనిపెట్టాడు. బయట చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. 1997 డిసెంబరులో ప్రభుత్వం ఆ సంగతి బయటపెట్టింది. ఎల్లిస్ అంతకు కొన్ని వారాల ముందే, నవంబరులో చనిపోయాడు.

ఇది సైన్యాల చేతి నుంచి ఇంటి కంప్యూటర్‌కు వచ్చింది 1991లో. ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ అనే సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా ఇచ్చాడు. అప్పుడు అమెరికాలో గట్టి రహస్య లిపి సాఫ్ట్‌వేర్ ఆయుధాల జాబితాలో ఉండేది. అది దేశం దాటిందని ఆయన మీద 1993లో విచారణ మొదలుపెట్టి 1996లో కేసు లేకుండా వదిలేశారు. ఆ మధ్యలో, 1995లో, ఆ ప్రోగ్రాం మొత్తం పుస్తకంగా అచ్చయింది. పుస్తకాన్ని ఆయుధం అని ఆపలేరు కదా! ఈ తెలివి నాకు భలే నచ్చింది. తరువాత జర్మనీలో వెర్నర్ కోచ్ అందరూ వాడుకునేలా జీఎన్‌యూపీజీ రాశాడు, 1999లో మొదటి పూర్తి రూపం వచ్చింది. మేము పెట్టుకున్నది అదే. విండోస్‌లో దాని పేరు జీపీజీ4విన్, అందులో క్లియోపాత్రా అనే కిటికీ తెరుచుకుంటుంది.

అన్న ఫోన్‌లో చెబుతుంటే నేను నొక్కాను. కొత్త కీ జత, పేరు, మెయిల్, 3072 బిట్‌ల ఆర్‌ఎస్‌ఏ. తరువాత పాస్‌ఫ్రేజ్ అడిగింది. పాస్‌వర్డ్ కంటే పొడుగు, ఒక వాక్యం లాగా ఉండాలి. మా ఇంట్లో మాత్రమే నవ్వుకునే ఒక మాట పెట్టాను. ఇప్పుడు నా పబ్లిక్ కీ అన్నకు పంపాలి. నేను పంపాను. అన్న తెరిచి చూసి కాసేపు మాట్లాడలేదు. "పాపా, నువ్వు పంపింది సీక్రెట్ కీ" అన్నాడు.

ఇంటి బీగంచెవినే పోస్టులో వేశానన్నమాట. పాస్‌ఫ్రేజ్ లేకుండా దాన్ని వాడలేరు అని అన్న ఊరడించాడు. అయినా దాన్ని తీసేసి మళ్లీ కొత్తది చేయించాడు. నాకు ఏడుపు వచ్చింది. తరువాత చదివితే తెలిసింది, 1999లో అమెరికాలో అల్మా విట్టెన్, డగ్ టైగర్ అనే పరిశోధకులు 12 మందికి పీజీపీ ఇచ్చి 90 నిమిషాలు టైమ్ ఇస్తే, మూడో వంతు మందే సరిగ్గా చెయ్యగలిగారట. నేను ఒక్కదాన్నే కాదు. ఇంత మంచి బీగాన్ని ఇంత కష్టంగా ఎందుకు చేశారో, దాన్ని చేసినవాళ్లనే అడగాలి.

రెండోసారి సరిగ్గా పోయింది. అన్న తన పబ్లిక్ కీ పంపాడు. ఇంక పాస్‌బుక్కు కాపీకి బీగం వెయ్యబోతున్నాను. అవ్వ పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను బీగం కథ అంతా ఆమెకు చెబుతూ ఉన్నాను.

"వాడి బీగమే అని నీకెట్ల తెలుసు పాపా? నడుమ ఇంకెవడో వాడి పేరు చెప్పి తన బీగం పంపితే?"

అవ్వ బడికి పోలేదు. ఆమె అడిగింది మాత్రం డిఫీ, హెల్‌మన్ తరువాత అందరూ తల పట్టుకున్న ప్రశ్న. జిమ్మర్‌మన్ జవాబు, తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు సాక్షి సంతకం చెయ్యాలని. ప్రభుత్వాల జవాబు వేరు. మన దేశంలో ఐటీ చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది, ఈ రెండు చెవుల పద్ధతితో చేసిన డిజిటల్ సంతకానికి విలువ ఇచ్చింది. ఫలానా కీ ఫలానా మనిషిదే అని లైసెన్స్ ఉన్న సంస్థలు సర్టిఫికెట్ ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో పెట్టిన ఐడీఆర్‌బీటీ బ్యాంకుల కోసం ఆ పని చేసింది.

మా ఇంట్లో సర్టిఫికెట్ ఎక్కడిది? ప్రతి కీకీ వేలిముద్ర అని 40 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అన్నకు ఫోన్ చేశాను. వాడు నాలుగు నాలుగుగా చదివాడు, నేను స్క్రీన్ మీద చూస్తూ టిక్ పెట్టుకున్నాను. అవ్వ ఫోన్ లాక్కుని, "మీ తాత నిన్ను ఏమని పిలిచేవాడు, చెప్పు" అని అడిగింది. అన్న చెప్పాడు. అవ్వ తల ఊపింది. అప్పుడు ఫైల్‌కు బీగం వేశాను.

మెయిల్‌లో సబ్జెక్టుకు మాత్రం బీగం పడదు, అది అందరికీ కనిపిస్తుంది. నేను అక్కడ "నాయన పాస్‌బుక్కు" అని రాసి మళ్లీ తిట్లు తిన్నాను. ఇప్పుడు "బాగున్నావా" అని మాత్రమే రాస్తాను.

కీ పోయినా, ఎవరి చేతిలోనైనా పడినా, ఇక దీన్ని నమ్మవద్దు అని చెప్పడానికి రద్దు పత్రం ఒకటి ఉంటుంది. అన్న దీపావళికి వచ్చినప్పుడు దాన్ని ప్రింట్ తీసుకొచ్చాడు. అవ్వ దాన్ని మడిచి, క్రయపత్రం ఉన్న రేకుపెట్టెలో పెట్టి బీగం వేసింది. ఆ బీగంచెవి ఆమె కొంగుకే ఉంది.